బీరప్ప కంబళి

పోలీసు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను చూడటానికి వస్తుంటారు. ఒకప్పుడు నేను కేంద్ర దర్యాప్తు దళంలో పనిచేశానని ఎవరో వాళ్ళకు చెప్పి ఉంటారు. వచ్చినవాళ్ళు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు. మీరు మారువేషాలు వేశారా, నడిచే రైల్లోంచి దూకారా, తుపాకీ పేల్చారా అని. వాళ్ళ తప్పు కాదు. వాళ్ళు చదివిన డిటెక్టివ్ సీరియళ్ళు అలాంటివి. ఢిల్లీ నుంచి ఒక ప్రత్యేక దళం దిగుతుంది. అందులో ఒకడు ఏ తాళమైనా తీస్తాడు, ఇంకొకడు ఏ గొంతైనా అనుకరిస్తాడు, వాళ్ళ నాయకుడు పై అధికారులను పూచికపుల్లలా తీసిపారేస్తాడు. నేనూ ఆ పుస్తకాలు ఇష్టంగానే చదివాను. వాటిలో ఎవరికీ మోకాళ్ళు నొప్పి పుట్టవు, ఎవరూ ఎండలో మంచినీళ్ళు దొరక్క తిరగరు, అదొక్కటే నా ఫిర్యాదు.

మాదీ అలాంటి విచిత్రమైన దళమే అంటే ఈ పిల్లలు ఉత్సాహంగా ముందుకు జరుగుతారు. గొర్రెల మంద, పీర్ల పండగ, మోదుగాకు దొన్నెలో కాసిన్ని పాలు, ఇవీ నా కథలోని సంగతులు అనేసరికి కాఫీ తాగి లేచిపోతారు. అందుకే రాసి పెడుతున్నాను. లేచిపోయేవాళ్ళు పోనీ, ఒకరిద్దరైనా చివరిదాకా చదవకపోతారా. ఇందులో మనుషుల పేర్లు, ఊరి పేరు మార్చాను. అసలువాళ్ళు ఇప్పుడు ఎవరూ లేరు.

ముగ్గురం

నేను కదిరివాణ్ణి. మా నాయన దూది ఏకేవాడు. మొహర్రం వచ్చిందంటే మా వీధి పీర్ల చావడి తాళంచెవి మా ఇంట్లోనే ఉండేది. జిల్లా పోలీసులో హెడ్ కానిస్టేబుల్‌గా ఉండగా నన్ను కేంద్ర దళానికి అరువిచ్చారు. నా తెలివి చూసి ఇచ్చారనుకోకండి. మా సర్కిల్ ఇన్‌స్పెక్టరుకు నా నోరంటే పడదు, వదిలించుకునే అవకాశం దొరికింది, వదిలించుకున్నాడు.

దళం అంటే మేము ముగ్గురమే. మా పెద్దాయన పేరు చెంగప్ప. కొడగు మనిషి. పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉండేవాడు. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాడు, అదీ చాలా తక్కువ. రెండోవాడు సుబ్బన్న. హిందూపురం వైపువాడు, తపాలా శాఖలో ఉత్తరాలు వేరుచేసే ఉద్యోగం, నాటకాల్లో ఆడవేషాలు కట్టడం సరదా. తపాలా సంచుల దొంగతనం కేసు ఒకదాంట్లో సాక్షిగా వచ్చినప్పుడు పెద్దాయనకు నచ్చాడు, ఏవో రెండు శాఖల మధ్య ఉత్తరాలు నడిపి తన దగ్గర పెట్టుకున్నాడు. సుబ్బన్న హార్మోనియం పెట్టె తీసుకుని ఏ అరుగు మీద కూర్చున్నా ఊరంతా అక్కడికే వచ్చేది. పాట అయ్యాక ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకునేవాళ్ళు.

పెద్దాయన నియమాలు రెండు. మాలో ఎవరూ లాఠీ ముట్టుకోకూడదు. కొత్త ఊరికి పోయిన మొదట్లో ఎవరినీ ఏమీ అడగకూడదు. ఇదేం పద్ధతి సార్ అన్నాను ఒకసారి. అడిగితే మన భయానికి జవాబు చెబుతారు, అడగకపోతే వాళ్ళ మనసులో ఉన్నది చెబుతారు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. పనీపాటా లేకుండా ఊళ్ళో కూర్చోవడం నాకు చేతకాదు. కొన్నాళ్ళకు అలవాటైంది, ఆ తర్వాత అదే నా పద్ధతి కూడా అయింది.

రైలు కట్ట మీద

ముదిగుబ్బకూ కదిరికీ మధ్య రైలు కట్ట వెంబడి తంతి తీగ పోతుంటుంది. ఆ రోజుల్లో అది రాగి తీగ. ఎవరో దాన్ని బారలు బారలుగా కోసుకుపోతున్నారు. తంతి కేంద్ర ప్రభుత్వానిది కాబట్టి మమ్మల్ని పంపారు. గుట్టకిందపల్లి అనే ఊళ్ళో, రైల్వే వాళ్ళు వదిలేసిన పాత క్వార్టర్‌లో దిగాం.

ఆ ఏడు వానలు లేవు. అసలు ఆ సీమలో వాన వచ్చిన ఏడాదిని గుర్తుపెట్టుకోవాలి గాని రాని ఏడాదిని కాదు. చేలన్నీ బోసిగా ఉన్నాయి. గడ్డి అన్నది రైలు కట్ట వాలు మీదే కాస్త మిగిలింది. అందుకని మందలన్నీ కట్ట పక్కనే మేసేవి. ఆ మందల్లో ఒకటి కురుబ బీరప్పది. యాభై దాటిన మనిషి. ఎండ మండిపోతున్నా భుజం మీద నల్లకంబళి తీసేవాడు కాదు. భార్య ఈరమ్మ. ఇద్దరు ఆడపిల్లలు, పెళ్ళిళ్ళు చేసి పంపించారు.

ఆ తీగను చూసుకునే లైన్‌మన్ పేరు ఓబులేసు. గోరంట్ల వైపు నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన పడుచువాడు, ఇంకా పెళ్ళి కాలేదు. తోలు పట్టీకి పనిముట్లు తగిలించుకుని కట్ట మీద నడుస్తూ ఉండేవాడు. మధ్యాహ్నం బీరప్ప దగ్గర ఆగి, ఆయన సంగటిలో సగం తినేవాడు. ఆయన్ని మామా అని పిలిచేవాడు. సుబ్బన్న పాట వినడానికి అందరికంటే ముందు వచ్చేవాడు కూడా ఓబులేసే.

ఊళ్ళో పెద్ద మనిషి రామలింగప్ప. వేరుశనగ కాయ వొలిచే మిషను, మండీ ఆయనవి. మేము దిగిన రోజే మాకు మజ్జిగ పంపాడు. ఏ పని కావాలన్నా నన్నడగండి సార్ అని రోజూ వచ్చి కూర్చునేవాడు. మంచి మాటకారి.

ఒక ఉదయం గ్యాంగ్‌మన్లు కేకలు వేస్తూ వచ్చారు. తంతి స్తంభం మొదట్లో ఓబులేసు చచ్చి పడి ఉన్నాడు. తల వెనక దెబ్బ. పనిముట్ల పట్టీ లేదు. పైన తీగ తెగి ఉంది. శవం మీద నల్లకంబళి కప్పి ఉంది. ఆ కంబళి ఎవరిదో చెప్పడానికి పోలీసు అక్కర్లేదు, ఊళ్ళో ప్రతి ఒక్కరికీ తెలుసు.

బీరప్ప కాస్త దూరంలో మంద మధ్య కూర్చుని ఉన్నాడు. అడిగితే, తెల్లారి చూసినానని, పిల్లోని మీద ఎండ పడకూడదని కప్పినానని అన్నాడు. ఎవరికీ ఎందుకు చెప్పలేదంటే పలకలేదు. అంతకు ముందు రోజు వాళ్ళిద్దరూ కట్ట మీద గట్టిగా అరుచుకోవడం నలుగురూ విన్నారు. "ఈడుండొద్దు, పో, పోకుంటే సస్తావు" అని బీరప్ప అరిచినాడని గ్యాంగ్‌మన్ ఒకడు చెప్పాడు. ఆ తగాదా ఏమిటంటే దానికీ పలకలేదు.

శవపరీక్ష అయ్యాక సాయంత్రం గ్యాంగ్‌మన్లే కట్ట దిగువన బీడులో పూడ్చారు. తీగ తెగి ఉండటం వల్ల గోరంట్లకు కబురు మనిషి చేత పంపాల్సి వచ్చింది. ఓబులేసు బంధువులెవరూ సమయానికి అందలేదు.

తడిగుడ్డ ప్రమాణం

హత్య కేసు స్థానిక పోలీసులది, తీగ కేసు మాది. మా పాత సర్కిల్ ఇన్‌స్పెక్టరే వచ్చాడు. బీరప్పను నాకివ్వండి, సాయంత్రానికి ఒప్పిస్తాను అన్నాడు. ఎలా ఒప్పిస్తాడో నాకు బాగా తెలుసు. పెద్దాయన ఒప్పుకోలేదు. ఒక్కరోజు ఆగండి, దెబ్బ పడకుండా తేలుస్తాను అన్నాడు.

అప్పుడాయనకు తట్టిన ఆలోచన ఆ ఊరికి సరిపోయేదే. మొహర్రం రోజులు. పీర్ల చావడిలో పీర్లను నిలబెట్టారు. మా సీమలో పీరంటే సాయిబులకే కాదు, అన్ని కులాలకూ భయభక్తులు. మొక్కులు, చదివింపులు అందరివీ. స్నానం చేసి తడిగుడ్డతో పీరు ముందు నిలబడి అబద్ధమాడితే ఇల్లు మిగలదని నమ్మకం. లాఠీ కంటే ఇదే నయం కదా అన్నాడు పెద్దాయన. అనుమానం ఉన్నవాళ్ళు, ఆ రోజు కట్ట వైపు పోయినవాళ్ళు అందరూ వచ్చి, ఓబులేసు చావుతో నాకు సంబంధం లేదని చెప్పి పోవాలి. ఎవరు తడబడతారో చూద్దాం.

రామలింగప్పకు ఈ ఏర్పాటు ఎంతో నచ్చింది. ఊరి పెద్దగా నేనే ముందు చేస్తానని తనే స్నానం చేసి వచ్చాడు. పీరు ముందు నిలబడి, గొంతు వణక్కుండా, చావడి బయటికి వినపడేలా ప్రమాణం చేశాడు. తర్వాత గ్యాంగ్‌మన్లు, బండి తోలేవాళ్ళు, తక్కిన కాపరులు ఒక్కొక్కరే చేశారు. కొందరు భయంతో వణికారు గాని చేశారు.

బీరప్ప వంతు వచ్చింది. చావడి వాకిలికి చాలా ఇవతలే ఆగిపోయాడు. అడుగు ముందుకు వేయలేదు. రామలింగప్ప పిలిచాడు, సర్కిల్ అరిచాడు. ఆయన తల దించుకుని నేల చూస్తూ, "నేను చంపలే. అంతకంటే నన్ను అడగొద్దండి. ఆడికి నేను రాను" అన్నాడు.

ఊరికి అంతకంటే సాక్ష్యం ఏం కావాలి? అప్పటిదాకా పాపం బీరప్ప అన్నవాళ్ళు కూడా అక్కడే మాట మార్చారు. ఈరమ్మ జనం వెనక నిలబడి ఉంది. ఏడవలేదు, అరవలేదు, మొగుడి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయింది. సర్కిల్ బీరప్పను ముదిగుబ్బ ఠాణాకు తీసుకుపోయాడు. కంబళి, ముందు రోజు బెదిరింపు, పీరు ముందుకు రాకపోవడం. ఈ మూడింటితో ఉరిశిక్ష ఖాయం అన్నాడు పోతూ పోతూ. మా పెద్దాయన ఆ పూట అన్నం ముట్టలేదు.

మోదుగాకు దొన్నె

మరుసటి రోజు సుబ్బన్న బీడు వైపు పోయి వచ్చాడు. తన పాటకు ముందు వచ్చి కూర్చునే కుర్రాడు కదా, మనసు ఆగక సమాధి చూసి వద్దామని పోయాడట. తిరిగి వచ్చి చెప్పిన సంగతి ఇది. సమాధి తల దగ్గర మట్టి తడిగా ఉంది. మోదుగాకు దొన్నె ఉంది, అందులో అడుగున పాలు. పక్కన రాగిసంగటి ముద్ద. చీమలు పట్టి ఉన్నాయి. పాలు గొర్రెపాలు, ఆ చిక్కదనం, ఆ వాసన ఆవుపాలకు ఉండవు.

మా వైపు చనిపోయిన మూడోనాడు సమాధి మీద పాలు పోస్తారు. అయినవాళ్ళే పోస్తారు, పరాయివాళ్ళు పోయరు. గోరంట్ల నుంచి ఇంకా ఎవరూ రాలేదు. మరి ఈ ఊళ్ళో ఓబులేసుకు అయినవాళ్ళెవరు?

నాకు మా నాయన గుర్తొచ్చాడు. పండగ రోజుల్లో చావడి వాకిట్లో కూర్చుని ఉండేవాడు. ఎవరైనా చక్కెర చదివింపు తెస్తే, ఆ ఇంట్లో ఈమధ్య చావు జరిగి ఉంటే, "మైల తీరినాక రాప్పా, పీరు యాడికీ పోడు" అని వెనక్కి పంపేవాడు. మైలలో ఉన్న మనిషి పీర్ల గడప దరిదాపులకు రాడు. ఎవరూ చెప్పనక్కర్లేదు, తనే ఆగిపోతాడు. బీరప్ప ఆగింది కూడా అలాగే, వాకిలికి ఇవతల, ఎవరి నీడా తగలనంత దూరంలో.

ఈ మాట పెద్దాయనకు చెప్పాను. ఆయన కిటికీలోంచి కట్ట వైపు చూశాడు. "ప్రమాణం పెట్టింది నేను. ఆ మనిషి మెడకు తాడు బిగించింది కూడా నేనే" అన్నాడు. టోపీ తీసుకుని లేచాడు. జీపులో ఎక్కాక మాత్రం ఒక మాట చెప్పాడు. బీరప్ప ముందు పాల ఊసెత్తొద్దు, ఎవరు పోశారో మనకు అనవసరం అని. తోటి కాపరి ఎవరి చేతనో పోయించి ఉంటాడని నేను అనుకున్నాను.

ఠాణాలో ఒక ప్రశ్న

బీరప్పను వసారాలో కూర్చోబెట్టి, మిగతావాళ్ళను పంపించాం. సర్కిల్ లాఠీ పట్టకముందే మేము పోవడం బీరప్ప అదృష్టం. పెద్దాయన కుర్చీ వద్దన్నాడు, ఆయనకు ఎదురుగా నేల మీదే కూర్చున్నాడు. ఆ మీదట అడిగింది ఒకటే.

"బీరప్పా, ఆ పిల్లోడు నీకు ఏమవుతాడప్పా?"

బీరప్ప తల ఎత్తాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని, ఒంటిని ముందుకూ వెనక్కూ ఊపుతూ ఏడ్చాడు. గొంతు పైకి రాకుండా ఏడ్చే మగవాణ్ణి చూడటం కష్టం. నేను గోడ వైపు తిరిగాను.

"కొడుకు" అన్నాడు చివరికి.

పడుచు వయసులో మందతో గోరంట్ల వైపు పోయి, ఒక రైతు చేలో ఎరువు కోసం మంద నిలిపిన రోజుల్లో సంగతి. ఆ ఇంటి ఆడపిల్లతో మనసు కలిసింది, వాళ్ళది వేరే కులం. బిడ్డ పుట్టాక ఆమె అన్న ఆ బిడ్డను తన కొడుకని చెప్పి పెంచాడు, ఆమెకు ఇంకొకచోట పెళ్ళి చేశాడు. ఈ జన్మలో నోరు విప్పనని బీరప్ప ఆమెకు మాటిచ్చాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ బిడ్డ లైన్‌మన్ అయి ఈ కట్ట మీదికే వచ్చాడు. ఊరి పేరు, తండ్రి పేరని ఆ మేనమామ పేరు చెబితే బీరప్ప పోల్చుకున్నాడు.

"వానికి తెలుసా?" అని అడిగాను.

"తెలీదు సారూ. మామా అంటాండె. అంతే చాలనుకుంటి. ఆమె ఈ పొద్దుటికీ బతికుండాది. మొగుడు, పిల్లోళ్ళు ఉండారు. నేను నోరిప్పితే ఆ ఇల్లు ఏమయితాది? మా ఈరమ్మకు తెలిస్తే పానం తీసుకుంటాది. నన్ను ఉరేసినా ఏసుకోండి, ఇది మాత్రం కాగితం మీద రాయొద్దండి."

పెద్దాయన జేబులోంచి తీసిన పెన్నుకు మళ్ళీ మూత పెట్టి జేబులో పెట్టేశాడు. నేను చూసిన అధికారులందరిలో, నడుస్తున్న కేసులో పెన్ను మూసినవాడు ఆయనొక్కడే. రాయను, కానీ ముందు రోజు కట్ట మీద ఆ పిల్లోడితో ఎందుకు అరిచావో అది చెప్పు అన్నాడు.

అప్పుడు బయటపడింది. రామలింగప్ప మండీ బండ్లలో వేరుశనగ మూటల మధ్య రాగిచుట్టలు పోతున్నాయని ఓబులేసు కనిపెట్టాడు. పై ఆఫీసుకు రాస్తానని, ముందు మర్యాదగా ఆయనతోనే ఒక మాట అంటానని బీరప్పకు చెప్పాడు. ఆయన సంగతి నీకు తెలీదు, బదిలీ పెట్టుకుని ఈ ఊరు వదిలిపో అని బీరప్ప కాళ్ళావేళ్ళా పడ్డాడు. ఆ కుర్రాడు నవ్వి కొట్టిపారేశాడు. జనం విన్న అరుపు అదే. తెల్లారి మంద తోలుకుపోతే కొడుకు స్తంభం కింద పడి ఉన్నాడు. ఈ మాట ఊళ్ళో చెప్పాలంటే, లైన్‌మన్ తన ప్రాణం మీది సంగతి ఒక గొర్రెల కాపరికి ఎందుకు చెప్పుకున్నాడని అడుగుతారు. అక్కడే ఆయన నోరు కట్టేసినట్టయింది.

పొట్టు కుప్ప

మేము సోదా కాగితం పట్టుకుని పోయేసరికి రామలింగప్ప మాకు మంచాలు వేయించాడు. మజ్జిగ తెప్పించాడు. మిషను షెడ్డులో వేరుశనగ పొట్టు ఇంటి కప్పంత ఎత్తున పోసి ఉంది. సుబ్బన్న, నేను పారలు తీసుకున్నాం. పొట్టు దుమ్ముకు సుబ్బన్న గొంతు చాలా రోజులు పాటకు పనికిరాలేదు. అడుగున రాగిచుట్టలు ఉన్నాయి. వాటి కింద గోనెపట్టాలో చుట్టి ఓబులేసు తోలు పట్టీ, తంతి శాఖ ముద్ర ఉన్న పటకారు ఉన్నాయి.

రామలింగప్ప మొదట తనకేం తెలియదన్నాడు. బండి తోలే మనిషి మాత్రం పటకారు చూడగానే నేల మీద కూలబడి, ఎవరూ అడక్కుండానే, గడ్డపారతో మా యజమానే కొట్టినాడని చెప్పేశాడు. పీరు మీద అబద్ధపు ప్రమాణం చేసినప్పటి నుంచి ఆ మనిషికి అన్నం సయించడం లేదట. రామలింగప్పకు మాత్రం ఆకలి బాగానే వేస్తూ ఉండింది.

కొత్తవాళ్ళకు ఇక్కడొక మాట చెప్పాలి. ధైర్యంగా, గట్టిగా, ముందుగా వచ్చి చెప్పేవాణ్ణి నమ్మడం మనకు సులువు. తల దించుకున్నవాడు మనకు దొంగలా కనిపిస్తాడు. నా ఉద్యోగమంతా నేను చూసిన తప్పుల్లో సగం ఇదే తప్పు. చదువుకున్న అధికారులూ చేశారు, ఊళ్ళవాళ్ళూ చేశారు.

జడ్జి రాసిన మాట

అనంతపురం సెషన్స్ కోర్టులో విచారణ జరిగింది. రామలింగప్ప పెట్టుకున్న వకీలు గట్టివాడు. రాగి సంగతి ఎటూ కాదనలేడు కాబట్టి, హత్యను బీరప్ప మీదికి తోయాలని చూశాడు. కంబళి చూపించాడు, బెదిరింపు చెప్పించాడు. ఆఖరికి, విడుదలై సాక్షిగా వచ్చిన బీరప్పను బోనులో నిలబెట్టి, పీరు ముందు ప్రమాణం చేయడానికి ఎందుకు రాలేదని అడిగాడు.

కోర్టు నిండా గుట్టకిందపల్లి జనమే. ఈరమ్మ ఆడవాళ్ళ బెంచీ చివర కూర్చుని ఉంది. బీరప్ప ఆమె వైపు చూడలేదు. "నేను రాకూడదు స్వామీ. అందుకే రాలే" అన్నాడు. ఎందుకు రాకూడదు అని వకీలు గొంతు పెంచాడు. బీరప్ప బోను కర్ర పట్టుకుని నిలబడ్డాడు, మళ్ళీ నోరు మెదపలేదు. జడ్జిగారు కళ్ళజోడు తీసి ఆయన వైపే చూస్తున్నారు. ఇంకొక్క మాట చెబితే అనుమానం తీరిపోతుంది, చెప్పకపోతే ఏమవుతుందో తెలియదు.

ఆ తర్వాత మా పెద్దాయన బోనెక్కాడు. వకీలు అదే ప్రశ్న వేశాడు. కారణం ఆయనకు తెలుసు. ఒక్క వాక్యంలో చెప్పి తన దర్యాప్తును మెచ్చుకునేలా చేసుకోవచ్చు. చెంగప్ప జడ్జి వైపు తిరిగి, ప్రమాణం పెట్టించింది నేనే, చట్టంలో దానికి చోటు లేదు, దర్యాప్తు అధికారి చేయకూడని పని చేశాను, ఆ మనిషి రాకపోవడమే సరైన పని, దానికి ఏ అర్థమూ తీయవద్దని ప్రార్థిస్తున్నాను అన్నాడు. చెప్పి నీళ్ళు అడిగి తాగాడు.

రామలింగప్పకు శిక్ష పడింది. బీరప్ప మీద మచ్చ లేదని తీర్పు చెప్పింది. అదే తీర్పులో, మూఢనమ్మకాలతో దర్యాప్తు నడిపిన కేంద్ర అధికారి గురించి జడ్జిగారు ఘాటుగా రాశారు. ఆ రాత ఆయన ఫైలులో చివరిదాకా ఉంది. సుబ్బన్నకు కోపమొచ్చి, కారణం చెప్పి ఉండాల్సింది సార్ అని గొణిగాడు. పెద్దాయన ఆ పేజీ చదివి, సరిగానే రాశాడు అన్నాడు. నాకు ఆ రోజు ఆయన మీద కలిగిన గౌరవం ఇన్నేళ్ళకూ తగ్గలేదు. మీకు అలాంటి పై అధికారి దొరికితే, ఆయన జీతం ఎంత, హోదా ఎంత అని చూడకండి, ఆయన వెంట పోండి.

కంబళి

కేసు ముగిశాక సాక్ష్యంగా పెట్టిన వస్తువులు సొంతదారులకు తిరిగి ఇవ్వాలి. కంబళి ఇచ్చి రమ్మని పెద్దాయన నన్ను పంపాడు. ఊరికి పోయేసరికి బీరప్ప మందతో కట్ట మీదికి పోయి ఉన్నాడు. ఈరమ్మ ఒక్కతే గుడిసె ముందు రాగులు చెరుగుతోంది. చేట పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కంబళి రెండు చేతులా అందుకుంది. విప్పి చూసింది. ఒక మూల మరక ఉంది. ఆ మరక మీద చెయ్యి ఉంచి కాసేపు అలాగే కూర్చుంది.

ఏమైనా మాట్లాడాలి కాబట్టి, ఆ పిల్లోడికి ఎవరో పుణ్యాత్ములు మూడోనాడు పాలు పోశారమ్మా అన్నాను.

"నేనే పోసిన సారూ" అంది.

ఆమె కంబళి మడత పెడుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"ఆ పిల్లోడు ఒగ దినం మజ్జిగ తాగేకి ఈడికి వచ్చినాడు. కట్ట దిగొస్తాంటే మా ఇంటాయప్పే వస్తాండాడనుకొని తట్టలో సంగటి పెట్టిన. తలెత్తి చూస్తే పిల్లోడు. అదే నడక, అదే భుజం. ఆ పొద్దే నాకు తెలిసిపాయ."

"మరి అడగలేదా అమ్మా?"

"ఏమని అడిగేది? అడిగితే ఆయప్ప ఈ ఇంట్లో తలెత్తుకోని ఎట్ల తిరుగుతాడు? ఆయనే ఒగ దినం చెప్తాడులే అనుకుంటి. చెప్పింటే ఈడనే పెట్టుకుందుము. ఇద్దరూ ఆడపిల్లోళ్ళే మాకు." కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "నాకు తెలుసని ఆయప్పకు చెప్పొద్దు సారూ. తట్టుకోలేడు."

చెప్పనని మాటిచ్చి లేచాను.

స్టేషనుకు పోయే దారి కట్ట పక్కనుంచే. బీరప్ప నన్ను దూరంనుంచే చూసి గొర్రెల మధ్య నుంచి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. కంబళి ఇంట్లో ఇచ్చి వచ్చానని చెప్పాను. ఆయన నా మొహం వంకే చూస్తూ నిలబడ్డాడు. ఇద్దరం కొన్ని అడుగులు కలిసి నడిచాం. కొత్త లైన్‌మన్ ఎవరో దూరంగా స్తంభం ఎక్కుతున్నాడు, ఆయన చూపు మరల్చుకున్నాడు.

"సారూ, మా ఈరమ్మ ఏమన్నా అడిగెనా? ఆమెకు ఏమన్నా తెలిసిందంటారా?"

తెలియదప్పా, ఆమెకు ఏమీ తెలియదు, నిశ్చింతగా ఉండు అన్నాను. తడిగుడ్డతో పీరు ముందు నిలబెట్టి అడిగినా అదే చెప్పేవాణ్ణి.